నా ఎత్తు కొవ్వొత్తి

నా ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. మా నాయన అయిదున్నర అడుగులు, అమ్మ అయిదుకు అటూ ఇటూ, ఇక మా అవ్వ, అంటే నాయన తల్లి, కొప్పుతో కలిపి కొలిచినా నాలుగున్నర దాటదు. వీళ్ళ మధ్య నేను ఎలా మొలిచానన్నది పుదుచ్చేరి మొత్తం కాకపోయినా లాస్‌పేటలో మా వీధి వరకు అందరికీ కాలక్షేపమే. టౌను బస్సులో కండక్టరు మొదట తల వంచుకోమని చెప్పి, ఆ తరవాతే టిక్కెట్టు అడిగేవాడు. అవ్వకు మాత్రం ఇందులో వింతేమీ లేదు. ఈ ఎత్తు మాత ఇచ్చిందని ఆమె నమ్మకం.

నేను ఎనిమిదో నెలలోనే పుట్టేశాను. గోరిమేడు పెద్దాసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారట. అరచేతిలో పట్టేదాన్నని అమ్మ అంటుంది, అమ్మ మాటలో సగం తీసేసినా చిన్నదాన్నే అయి ఉంటాను. బిడ్డ నిలుస్తుందో లేదో తెలియదు, నిలిచినా పెరుగుతుందో లేదో తెలియదు. అవ్వ ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కేసి, ఇంకెవరూ మిగల్లేదే అని దిగులుగా నడిచి వస్తుంటే మిషన్ వీధిలో పెద్ద మాతా కోవెల కనబడిందట. గేటు బయటే నిలబడి, లోపలున్న మేరీమాతకు మొక్కు చెప్పుకుంది. మా ఇళ్ళలో దాన్ని తమిళంలోలాగే వేండుదల అంటాం. "తల్లీ, ఈ బిడ్డను పెంచు. బిడ్డ ఎంత పొడుగుంటే అంత పొడుగు మెళుగువత్తి తెచ్చి నీ కాళ్ళకాడ పెడతా." మెళుగువత్తి అంటే కొవ్వొత్తే.

మనిషెత్తు కొవ్వొత్తి మొక్కడం మా వైపు కొత్త కాదు. నుదుట కుంకంతో వెళ్ళి, చెప్పులు బయట విడిచి, మాతకు దండం పెట్టుకుని వచ్చేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. కాబట్టి మొక్కులో తప్పు లేదు. అవ్వ చేసిన పొరపాటల్లా, బిడ్డ ఎప్పుడు ఉన్నంత పొడుగో చెప్పకపోవడం.

నాకు ఏడాది నిండగానే అమ్మ ఇచ్చేద్దామంది. అప్పటికి నేను రెండడుగుల చిల్లర, సైకిలు బుట్టలో పట్టే కొవ్వొత్తి. అవ్వ ఒప్పుకోలేదు. "ఇప్పుడిచ్చేస్తే మాత ఇంతే చాలనుకుంటాది. పెరిగేది ఆడికే నిలిచిపోతే ఏంజేస్తావు?" అంది. అయిదేళ్ళప్పుడూ ఇదే మాట, పదేళ్ళప్పుడూ ఇదే మాట. పదమూడో ఏట నేను అమ్మను దాటేశాక అమ్మ అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని, "అత్తా, ఇంక ఇచ్చేద్దాం అత్తా, చాలు" అని బతిమాలింది. అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఇంకా ఒక రెండేళ్ళు చూద్దామంది. ఆ రెండేళ్ళలో నేను నాయనను కూడా దాటాను. మొక్కు తీర్చకపోవడం వల్లే నేనిలా సాగిపోయానని అమ్మ ఇప్పటికీ నమ్ముతుంది. సైన్సు చదివి సర్కారు ఆఫీసులో పనిచేసే నాయనకు కూడా, నాకు కొత్త చెప్పులు కొనాల్సి వచ్చినప్పుడల్లా అనుమానం కలిగేది.

ఇంకొక ఇబ్బంది కూడా ఉండేది. మొక్కు తీరేదాకా నేను ఆ కోవెల గడప తొక్కడానికి లేదు. ఒట్టి చేతులతో ఆమె ముందుకు పోతే ఏం మర్యాద అని అవ్వ పట్టు. దాంతో నేను ఫ్రెంచి ఎం.ఏ.లో చేరి, మా ఊరి కోవెల కట్టడం గురించి ఫ్రెంచిలో పది పేజీల వ్యాసం రాయాల్సి వచ్చినప్పుడు, రోడ్డుకు అవతల కాఫీ కొట్టు దగ్గర నిలబడి చూసి రాశాను. లోపలి సంగతులు పుస్తకాల్లోంచి ఎత్తేశాను. మంచి మార్కులే వచ్చాయి. కూలిన ప్రతిసారీ అక్కడే మళ్ళీ కట్టిన ఆ కోవెల గురించి అంత బాగా రాసిన అమ్మాయి లోపలికెప్పుడూ అడుగు పెట్టలేదని మా లెక్చరరుకు తెలియదు.

రెండువేల దశకం మధ్యలో ఒక మే నెలలో, ఫ్రాన్సులో ఏడాది చదువుకోవడానికి నాకు సీటిచ్చినట్టు ఉత్తరం వచ్చింది. నాయన ఉత్తరం రెండుసార్లు చదివాడు. అమ్మ పాయసం పెట్టింది. అవ్వ మాత్రం నన్ను పిలిచి, "ఎదురింటోళ్ళ కొడుకు పోయినాడే, ఆ ఫ్రాన్సేనా?" అని అడిగింది.

"ఫ్రాన్సు ఒక్కటే ఉంది అవ్వా."

"వాడు ఏడాదనే పోయినాడు. పన్నెండేండ్లాయె. సెంటు బుడ్లు వస్తా ఉండాయి, వాడే రాలా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అవ్వ సరే అననిదే నాయన ఏ కాయితం మీదా సంతకం పెట్టడు, అది మా ఇంటి చట్టం. నాయన సంతకం లేకపోతే వీసా కాయితాలు కదలవు. నాకు ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. మూడో రోజు పొద్దున అవ్వ పసుపు రాసిన నూలుదారం పట్టుకుని వచ్చి, "గోడకానుకొని నిలబడుమే. శనివారం పోయి వేండుదల తీర్చేద్దాం. అది తీర్చకుండా నువ్వు ఏరోప్లేను ఎక్కేది లేదు," అంది. ఇరవై రెండేళ్ళు వాయిదా వేసిన మనిషికి ఇప్పుడు నాలుగు రోజులు కూడా ఎక్కువైపోయాయి.

కొలత తీయడానికే అరగంట పట్టింది. అవ్వకు నా తల అందదు. స్టూలు వేసి ఎక్కించాం, అమ్మ ఆమె నడుం పట్టుకుంది. నడినెత్తి దగ్గర దారానికి ముడి వేసి, "ఇది తల" అని తనకు తనే చెప్పుకుని, మడమ దాకా లాగి పళ్ళతో తెంచింది. కొవ్వొత్తులు చేసే ఆయన ఊరికి ఉత్తరాన ఒక సందులో ఉంటాడు. దూలానికి వత్తినూలు వేలాడదీసి, పైనుంచి కరిగిన మైనం పోసి పోసి లావు చేస్తాడు. నేను తోడు వస్తానంటే అవ్వ వద్దంది. నాయన వస్తానన్నా వద్దంది. దారం చుట్ట చుట్టి నడుం దగ్గర చెక్కుకుని తనొక్కతే వెళ్ళి ఇచ్చొచ్చింది.

శనివారం పొద్దున ఏడింటికల్లా కొవ్వొత్తి తీసుకుని, ఎండ ఎక్కకముందే కోవెలకు చేరాలన్నది నాయన పథకం. మే నెలంటే మాకు కత్తిరి ఎండలు, తొమ్మిది దాటితే తారు రోడ్డు మీద చెప్పు అతుక్కుంటుంది. కానీ కొవ్వొత్తులాయన దాన్ని చేతికిచ్చేసరికే తొమ్మిదికి అయిదు నిమిషాలు. శనివారం తొమ్మిదింటికి రాహుకాలం మొదలు. అవ్వ ఆ సందులోనే ఒక అరుగు మీద కూర్చుండిపోయింది.

"మాతకు కూడా రాహుకాలం ఉంటుందా అమ్మా?" అన్నాడు నాయన, ఓపిక పట్టి.

"ఆమెకు లేదురా. మనకుండాది."

పదిన్నర దాకా ముగ్గురమూ ఆ అరుగు మీద కూర్చున్నాం. కొవ్వొత్తిని నాయన పాత పంచెలో చుట్టి, పక్కింటి వాళ్ళనడిగి నీళ్ళు తెచ్చి అరగంటకొకసారి తడుపుతూ ఉన్నాం. దారిన పోయే ఒకామె దగ్గరకొచ్చి, ఎవరికి ఏమైందని మెల్లిగా అడిగింది. నాయన ఆమెకు కొవ్వొత్తి అని చెప్పి నమ్మించడానికి పంచె కొస విప్పి చూపించాల్సి వచ్చింది.

ఆటోలో కొవ్వొత్తి అడ్డంగా పట్టలేదు, నిలువుగా అసలే పట్టలేదు. చివరికి నా ఒళ్ళో, అవ్వ ఒళ్ళో పెట్టుకుంటే రెండు పక్కలా బయటికి వచ్చింది. నాయన డ్రైవరు పక్కన కూర్చుని వెనక్కి తిరిగి, ఎడమ, కుడి అని అరుస్తూ వచ్చాడు. మొదటి సిగ్నలు దగ్గర నా వైపు కొస కొంచెం వాలింది. రెండో సిగ్నలు దగ్గర అవ్వ వైపు కొస వాలింది. చేత్తో ఎత్తి పట్టుకుంటే మధ్యలో కుంగింది. మిషన్ వీధికి చేరేసరికి ఆ కొవ్వొత్తి మూడు చోట్ల వంగి, నేను పదో తరగతిలో క్లాసు ఫోటోకి నిలబడినట్టు ఉంది.

చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళాం. కోవెల చూసుకునే పెద్దాయన ఒకరు తెల్ల పంచెలో ఎదురొచ్చారు. ఎత్తు కొవ్వొత్తులను నిలబెట్టే చోటు ఉందట, కానీ ఇది నిలబడదు కదా అన్నారు తమిళంలో. అవ్వ ముఖం చిన్నబోయింది. ఒక్క క్షణమే. తరవాత తల ఎత్తి, ఆయన్ను సూటిగా చూస్తూ అడిగింది, తను మొక్కుకున్నప్పుడు ఈ బిడ్డ నిలబడి ఉండిందా అని.

పెద్దాయనకు అర్థం కాలేదు.

"గాజుపెట్టెలో పండుకొని ఉండె. పండుకొని ఉన్న బిడ్డకు చేసిన వేండుదల. మెళుగువత్తి కూడా పండుకోవచ్చును గదా అయ్యా?" ఇదంతా ఆమె తమిళంలోనే చెప్పింది, కానీ వేడెక్కినప్పుడు ఆమె తమిళం సగం తెలుగే.

ఆయన కొవ్వొత్తిని చూశారు, నన్ను పైదాకా చూశారు, మాటలో న్యాయముందన్నారు. మాత ముందర నేల చల్లగా ఉంది. అక్కడ అవ్వా ఆయనా మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులతో దొర్లించి దొర్లించి కొవ్వొత్తిని తిన్నగా చేశారు. చేగోడీల పిండి పామినట్టే ఉంది. పని అయ్యాక అవ్వ చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"పక్కన పండుకోమే. కొలత సరిపోయిందా లేదా చూడాల."

"అవ్వా, అందరూ చూస్తున్నారు."

"మాత చూస్తే చాలు. పండుకో."

ఇస్త్రీ చేసిన కాటన్ చుడీదారులో, ఎం.ఏ. మొదటి తరగతి మార్కులతో, నేను కోవెల నేల మీద కొవ్వొత్తి పక్కన వెల్లకిలా పడుకున్నాను. జపమాల తిప్పుతున్న ముగ్గురు ఆడవాళ్ళు తిప్పడం ఆపారు. నాయన మాకూ తనకూ సంబంధం లేనట్టు అవతలికి పోయి, గోడకున్న ఒక ఫ్రెంచి రాతిపలకను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. ఆయనకు ఫ్రెంచిలో ఒక్క ముక్క రాదు. తలుపు దగ్గర ఒక తెల్ల ముసలి జంట నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఆవిడ దగ్గరకొచ్చి నా మీదికి వంగి, నాకు ఒంట్లో బాగా లేదా అని ఫ్రెంచిలో అడిగింది. నేను నాలుగేళ్ళుగా నేర్చుకుంటున్న భాషలో అసలైన ఫ్రెంచి మనిషితో మాట్లాడడం అదే మొదలు. పడుకునే ఉండి, బాగానే ఉన్నాను మేడమ్, మా అవ్వ నన్ను కొలుస్తోంది అని వ్యాకరణం తప్పకుండా చెప్పాను. ఆమె వాళ్ళాయన దగ్గరికి పోయి ఏదో చెప్పింది. ఇద్దరూ నెమ్మదిగా బయటికి వెళ్ళిపోయారు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. పది పేజీలు రాసిన ఆ కోవెల పైకప్పు నేను మొదటిసారి చూసింది అలా పడుకునే. ఎంత ఎత్తో. పుట్టి బుద్ధెరిగాక నేను చిన్నదాన్ని అనిపించిన చోటు అదొక్కటే. కాసేపు లేవబుద్ధి కాలేదు.

"నాలుగు వేళ్ళు తక్కువుండాది," అంది అవ్వ.

నేను తల తిప్పి చూశాను. మడమలు సరిగ్గా ఉన్నాయి. పైన కొవ్వొత్తి నా నుదుటి దగ్గరే ఆగిపోయింది. అవ్వ చెయ్యి అడ్డంగా పెట్టి కొలిచింది, సరిగ్గా నాలుగు వేళ్ళు. మొక్కు తీరకపోతే అవ్వ ఒప్పుకోదు, అవ్వ ఒప్పుకోకపోతే సంతకం లేదు, ఫ్రాన్సు లేదు. ఆ కొవ్వొత్తులాయన మోసం చేశాడని, లేకపోతే ఎండకు కరిగిందని, ఇంకోటి చేయిద్దామని, నేల మీదే కూర్చుని ఏదేదో వాగాను. అవ్వ నా మాట వినడం లేదు. మాత ముఖంలోకి చాలాసేపు చూసి, చేతులు జోడించి, "సరే, లే. ఆ కొంచెం తరవాత ఇచ్చుకుంటాంలే," అంది.

"అయితే నేను పోవచ్చా?"

"పో."

ఎంత సంతోషమంటే, ఇరవై రెండేళ్ళు అంగుళం అంగుళం కాచుకున్న మనిషి నాలుగు వేళ్ళ దగ్గర ఎలా తగ్గిందని అడగాలని కూడా తోచలేదు. నాయన ఆ సాయంత్రమే సంతకాలు పెట్టాడు.

కానీ నాకు కోపం ఊరికే చల్లారదు. మర్నాడు సైకిలు తొక్కుకుంటూ పోయి ఆ కొవ్వొత్తులాయనతో గొడవపడ్డాను. ఆయన ఏమీ అనకుండా మేకుకు తగిలించిన పసుపుదారం తీసి నా చేతిలో పెట్టాడు. మడమ కింద తొక్కిపెట్టి పైకి లాగితే నా నుదుటి దాకానే వచ్చింది. ఇంటికొచ్చి చెబితే అవ్వ, "పావం, ఆయన్నేమీ అనొద్దు. నూలు తడిస్తే ముడుచుకుంటాది," అంది. అంతటితో నేనూ వదిలేశాను.

సెప్టెంబరులో బయల్దేరాను. వెళ్ళేటప్పుడు అవ్వ ఒక చిన్న గుడ్డసంచి ఇచ్చింది. లోపల విబూది పొట్లం ఉందని, పారేయొద్దని చెప్పింది. ఫ్రాన్సులో నేను చదివిన ఊళ్ళో ఎనిమిది వందల ఏళ్ళ కోవెల ఒకటి ఉంది. అక్టోబరులో మా క్లాసును చూపించడానికి తీసుకెళ్ళారు. గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ బూట్లు విప్పి పక్కన పెట్టి, మేజోళ్ళతో లోపలికి నడిచాను. క్లాసంతా బూట్లతో లోపలుంది. మా ప్రొఫెసరు గారు నా కాళ్ళు చూసి, రాతి కమానుల గురించి చెబుతున్నది ఆపి, చలేయడం లేదా అని అడిగారు. వేస్తోంది, చాలా. కానీ వెనక్కి వెళ్ళి తొడుక్కోవడానికి నా పౌరుషం ఒప్పుకోలేదు.

అందరూ మెడలు వెనక్కి వంచి పైకి చూస్తుంటే నాకు నవ్వొచ్చింది. పడుకుని చూస్తే తేలిక అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఒక మూల మేరీమాత ముందు చిన్న చిన్న కొవ్వొత్తులు వరుసగా పెట్టి ఉన్నాయి, కావాల్సినవాళ్ళు పెట్టెలో నాణెం వేసి తీసుకుని వెలిగించుకోవచ్చు. ఇంటి మీద బెంగగా ఉంది. ఒకటి తీసుకుని, నాణెం కోసం సంచీలో చెయ్యి పెడితే అవ్వ ఇచ్చిన గుడ్డసంచి చేతికొచ్చింది. అందులో విబూది పొట్లానికి చుట్టి ఒక దారం ముక్క ఉంది. పసుపు దారం. ఒక కొసన ముడి.

ఇది తల, అని అవ్వ స్టూలు మీద నిలబడి వేసిన ముడి.

ఆ ముక్కను చేతి మీద పెట్టి కొలిచాను. నాలుగు వేళ్ళు. కొవ్వొత్తులాయన ఇచ్చిన దారానికి ముడి లేదన్నది నాకు అప్పుడు గుర్తొచ్చింది. నూలు ముడుచుకోలేదు. కొలత ఇవ్వడానికి ఒక్కతే వెళ్ళిన రోజు దారిలో ఎక్కడో నిలబడి, అవ్వే పళ్ళతో తెంచుకుని దాచుకుంది. మొక్కు పూర్తిగా తీర్చేస్తే మాత ఇంతే చాలనుకుంటుందని, చిన్నప్పటినుంచీ ఆమె భయం. నాలుగు వేళ్ళు మిగిల్చి పెడితే, అది తీర్చడానికైనా మాత నన్ను తిరిగి తీసుకురావాలి. నాకు కోపమొచ్చింది, పాపం ఆ కొవ్వొత్తులాయనను అన్ని మాటలన్నానే అని. ఆ తరవాత ఏడుపొచ్చింది. చల్లటి రాతి మీద మేజోళ్ళతో నిలబడి బాగా ఏడ్చాను.

చేతిలోని చిన్న కొవ్వొత్తి పక్కన దారం పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. కొవ్వొత్తిని వెలిగించకుండానే తీసుకెళ్ళి ఉన్నచోటే పెట్టేశాను. బయటికొచ్చి బూట్లు తొడుక్కున్నాను.

ఆ ఆదివారం ఇంటికి ఫోను చేస్తే అవ్వ తీసింది.

"ఆడ మాతా కోవిల్ ఉండాదా?"

"ఉంది అవ్వా. పోయినా."

"ఏమన్నా వెలిగిస్తివా?" గొంతులో తేడా నాకు తెలిసింది.

"లేదు. దారం దొరికింది అవ్వా. ముడి ఉన్నది."

అవతల టీవీలో ఎవరో తమిళంలో వార్తలు చదువుతున్నారు.

"భద్రంగా పెట్టుకోమే," అంది అవ్వ. "పోస్టులో పంపొద్దు. వచ్చేటప్పుడు నువ్వే తీసుకొని రా."